మెల్లగా ఎత్తాలా, గబగబా ఎత్తాలా?



తెలుగులో రెండు సామెతలు ఉన్నాయి. ఒకటి "నిదానమే ప్రధానం". అంటే తొందరపడకుండా చేసిన పనే మంచి పని అని. రెండోది "ఆలస్యం అమృతం విషం". అంటే ఆలస్యం చేస్తే అమృతం కూడా విషం అయిపోతుంది, త్వరగా కానివ్వండి అని. ఒకటి ఆగమంటుంది, ఇంకొకటి పరిగెత్తమంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు అవసరాన్ని బట్టి రెండూ వాడేస్తుంటారు!

ఈ పాఠంలో ఈ రెండు సామెతల్నీ జిమ్‌కి తీసుకెళ్దాం. పిస్కాటవేలో మిడిల్ స్కూల్, హైస్కూల్ చదివే మీలో కొందరు ఇప్పటికే బరువులు ఎత్తడం మొదలుపెట్టారు. ఒక కోచ్ "స్లో, స్లో" అంటారు. వీడియోలో ఇంకొకాయన "ఫాస్ట్‌గా లేపు" అంటాడు. మరి కండ పెరగాలంటే ఎవరి మాట వినాలి?

ముందు ఈ మాటలు నేర్చుకోండి

కండ, కండరం: ఒంట్లో బలాన్నిచ్చే భాగం. రెండు మాటలకీ అర్థం ఒకటే. మాట్లాడేటప్పుడు "కండ" అంటాం, సైన్సు పుస్తకంలో "కండరం" అని రాస్తాం.
పోగు: సన్నని దారం. కండలో దారాల్లా ఉండేవాటిని "కండర పోగులు" అంటాం.
నరం: మెదడు నుంచి కండకి కబురు తీసుకెళ్ళేది.
ఎత్తడం: కింద ఉన్నదాన్ని పైకి లేపడం.
దించడం: పైన ఉన్నదాన్ని కిందికి తేవడం.
అదుపు: మనం చెప్పినట్టు ఉండటం. "బరువు నా అదుపులో ఉంది" అంటే బరువు మనం చెప్పినట్టు కదులుతోంది అని.
బస్కీ: నిలబడి, మోకాళ్ళు వంచి కిందికి కూర్చుని మళ్ళీ లేవడం.

1. కండ లోపల ఏముంది?

ఎడమ చేత్తో మీ కుడి పైచేతిని పట్టుకోండి. ఇప్పుడు కుడి మోచేతిని మడవండి. లోపల ఏదో గట్టిపడింది కదా? అదే కండ. దాని లోపల వేల పోగులు పక్కపక్కనే ఉంటాయి. నూలు దారాలన్నీ కలిపితే తాడు అయినట్టు, ఈ పోగులన్నీ కలిస్తే కండ అవుతుంది.

పోగుల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మెల్లగా పనిచేసేవి ఒక రకం. ఇవి త్వరగా అలసిపోవు. గంటలకొద్దీ నిలబడటానికి, నడవడానికి ఇవే ఆధారం. చురుగ్గా పనిచేసేవి రెండో రకం. ఇవి ఎక్కువ బలం ఇస్తాయి, కానీ తొందరగా అలసిపోతాయి. గెంతడానికి, విసరడానికి, పెద్ద బరువు ఎత్తడానికి ఇవి కావాలి.

ఈ పోగులు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక్కో గుంపునీ ఒక నరం పిలుస్తుంది. ఆ పిలవడంలో ఒక పద్ధతి ఉంది. ఉగాది భోజనాల దగ్గర చూసే ఉంటారు. పచ్చడి గిన్నె తేవడానికి ఒక్కరు చాలు. పులిహోర గిన్నె బరువైతే ఇంకొకరిని పిలుస్తారు. సాంబారు గుండిగ అయితే నలుగురు రావాలి. మెదడు కూడా అంతే. ముందు చిన్న గుంపుల్ని పిలుస్తుంది. వాటితో పని అవకపోతేనే పెద్ద గుంపుల్ని పిలుస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. బరువు చిన్నదైనా, ఎత్తుతూ ఎత్తుతూ చిన్న గుంపులు అలసిపోతే, అప్పుడు పెద్ద గుంపులకీ పిలుపు వస్తుంది. ఏ పోగు గట్టిగా పనిచేస్తుందో ఆ పోగే తర్వాత పెరుగుతుంది. కాబట్టి కండ పెరగాలంటే పెద్ద గుంపుల దాకా పిలుపు వెళ్ళాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

2. సూట్‌కేసు చెప్పే సైన్సు

ఇండియా వెళ్ళేముందు మీ ఇంట్లో సూట్‌కేసులు తూకం వేస్తారు కదా? ఒక్కోటి 23 కిలోలు, అంటే సుమారు 50 పౌండ్లు. ఖాళీ సూట్‌కేసుని చటుక్కున ఎత్తేయొచ్చు. నిండు సూట్‌కేసుని? ఎంత తొందరపడినా అది మెల్లగానే లేస్తుంది.

1938లో ఎ.వి. హిల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త కప్ప కండరాలతో ప్రయోగాలు చేసి ఈ విషయాన్ని లెక్కలతో చూపించాడు. బరువు పెరిగేకొద్దీ కండ ముడుచుకునే వేగం తగ్గుతుంది. వేగం పెరిగేకొద్దీ కండ ఇవ్వగలిగే బలం తగ్గుతుంది. రెండూ ఒకేసారి పూర్తిగా దొరకవు.

అందుకే "మెల్లగా ఎత్తాడు" అనే మాటకి రెండు అర్థాలు ఉండొచ్చు. ఒకటి, బరువు చాలా ఎక్కువ కాబట్టి వేగంగా ఎత్తలేకపోయాడు. రెండు, వేగంగా ఎత్తగలిగినా కావాలనే మెల్లగా ఎత్తాడు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపల కండ చేసే పని మాత్రం వేరు.

3. వేగం కావాల్సిన చోట: కరణం మల్లీశ్వరి

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాకి వెళ్దాం. అక్కడ ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అనే చిన్న ఊరు ఉంది. కరణం మల్లీశ్వరి గారిది ఆ ఊరే. సుమారు మీ వయసులోనే, 12 ఏళ్ళప్పుడు, నీలంశెట్టి అప్పన్న అనే కోచ్ దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టారు. 1994లో, 1995లో ప్రపంచ చాంపియన్ అయ్యారు.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి వెయిట్‌లిఫ్టింగ్ పోటీ మొదటిసారి పెట్టింది 2000లో, సిడ్నీలో. అక్కడ 69 కిలోల విభాగంలో మల్లీశ్వరి గారు స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తారు. మొత్తం 240. కాంస్య పతకం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆవిడే. బంగారం, వెండి గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. తేడా రెండున్నర కిలోలు మాత్రమే!

110 కిలోలంటే ఎంతో తెలుసా? మీ నిండు సూట్‌కేసులు దాదాపు 5. స్నాచ్‌లో అంత బరువునీ నేల మీద నుంచి ఒకే ఊపులో తల పైకి తీసుకెళ్ళాలి. మధ్యలో ఆగడానికి లేదు. దీన్ని మెల్లగా చేయడం కుదరదు. కాళ్ళతో, నడుముతో బలంగా తోసి బరువుకి వేగం ఇవ్వాలి. ఆ వేగంతో అది పైకి పోతుండగానే, రెప్పపాటులో దాని కిందికి దూరిపోవాలి. ఆలస్యం చేస్తే బరువు కింద పడిపోతుంది. "ఆలస్యం అమృతం విషం" అనే సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

కానీ ఒకటి గమనించండి. ఈ వేగం కండని లావు చేయడానికి కాదు. 69 కిలోల విభాగంలో పోటీ చేసేవాళ్ళ ఒంటి బరువు 69 కిలోలు దాటకూడదు. కండ మరీ పెరిగిపోతే పై విభాగానికి వెళ్ళాల్సి వస్తుంది. వాళ్ళకి కావాల్సింది ఉన్న కండతోనే తక్కువ సమయంలో ఎక్కువ బలం చూపించడం. వేగంగా ఎత్తే సాధన నేర్పేది దాన్నే. బుష్ క్యాంపస్‌లోని రట్గర్స్ స్టేడియంలో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకీ ఇలాంటి బలమే కావాలి. బంతి కోసం గెంతడానికి ఐదు సెకన్లు తీసుకుంటే బంతి ఆగుతుందా?

4. వేగం సున్నా అయితే: కోడి రామమూర్తి

అదే ఉత్తరాంధ్రలో, మల్లీశ్వరి గారి కంటే చాలా ముందు, ఇంకో బలశాలి ఉండేవారు. ఆయన పేరు కోడి రామమూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టారు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు, తర్వాత సర్కస్ కంపెనీ నడిపారు. 1942లో కన్నుమూశారు. జనం ఆయన్ని "కలియుగ భీముడు" అని పిలిచేవారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

ఆయన చేసిన వాటిలో ఒకటి అందరూ చెప్పుకుంటారు. రెండు కార్లని తాళ్ళతో తన చేతులకి కట్టించుకునేవారట. రెండు కార్లూ చెరో వైపుకి లాగేవి. ఆయన వాటిని కదలనిచ్చేవారు కాదట.

ఇందులో ఎత్తడం లేదు, దించడం లేదు. చెయ్యి కదల్లేదు. అంటే వేగం సున్నా. అయినా కండ మాత్రం బిగుసుకుని, అలసిపోయేలా పనిచేస్తూనే ఉంటుంది.

దీన్ని మీరు కూడా చూడొచ్చు, కార్లు అక్కర్లేదు. మీ నాన్నగారిని "గోడకుర్చీ" అంటే ఏమిటని అడగండి. వీపు గోడకి ఆనించి, కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు ఉండటం. మా చిన్నప్పుడు బడిలో అల్లరి చేస్తే ఇదే శిక్ష. అరనిమిషం కూర్చోండి. కాళ్ళు కదలవు, కానీ తొడలు వణుకుతాయి. చిన్న గుంపులు అలసిపోయి మెదడు పెద్ద గుంపుల్ని పిలుస్తోందన్నమాట.

5. మరి కండ పెరగాలంటే?

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. కండ పరిమాణం పెరగడానికి ఏ వేగం మంచిది?

2015లో బ్రాడ్ షోన్‌ఫెల్డ్ అనే శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి అప్పటిదాకా జరిగిన 8 పరిశోధనల్ని ఒకచోట పెట్టి చూశారు. షోన్‌ఫెల్డ్ పనిచేసేది మనకి దగ్గర్లోనే, న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఉన్న లేమన్ కాలేజీలో. వాళ్ళకి తేలింది ఏమిటంటే, ఒకసారి ఎత్తి దించడానికి అర సెకను పట్టినా, 8 సెకన్లు పట్టినా, ఇక ఎత్తలేను అనేదాకా చేస్తే కండ పెరుగుదల దాదాపు ఒకేలా ఉంది. 10 సెకన్లు దాటేంత మరీ మెల్లగా చేసినప్పుడు మాత్రం పెరుగుదల తగ్గినట్టు కనిపించింది.

అంటే రెండు సామెతల్లో ఏదీ పూర్తిగా గెలవలేదు! ఎందుకో మొదటి భాగంలో నేర్చుకున్న దానితో ఆలోచించండి. వేగంగా ఎత్తితే పెద్ద గుంపులకి మొదట్లోనే పిలుపు వెళ్తుంది. మెల్లగా ఎత్తితే అలసట వచ్చాక పిలుపు వెళ్తుంది. దారులు వేరు, చేరే ఊరు ఒకటే. కానీ మరీ మెల్లగా ఎత్తాలంటే చాలా చిన్న బరువు పట్టుకోవాల్సి వస్తుంది. అంత చిన్న బరువు అయితే పెద్ద గుంపులకి పని సరిగ్గా దొరకదు.

కాబట్టి గడియారం కంటే ముఖ్యమైనవి మూడు: కండ అలసేదాకా పనిచేయడం, చెయ్యి లేదా కాలు పూర్తిగా కదలడం, వారం వారం కొద్దికొద్దిగా పని పెంచడం.

అయితే "వేగంగా" అంటే "విసిరినట్టు" అని కాదు. ఊయలని ఒకసారి గట్టిగా తోస్తే తర్వాత దానంతటదే పైకి పోతుంది కదా? డంబెల్‌ని నడుము ఊపి విసిరితే కూడా అంతే. మొదట ఇచ్చిన తోపుతో మిగతా దారి అదే పోతుంది. చేతి కండకి పని తప్పిపోతుంది. ఆ దెబ్బ నడుముకి, భుజాల కీళ్ళకి తగులుతుంది. బరువు పైకి వెళ్ళింది గానీ, మీరు పెంచాలనుకున్న కండ పని చేయలేదు.

6. దించడం కూడా పనే

చాలామంది ఎత్తడం మీదే దృష్టి పెడతారు. దించేటప్పుడు చెయ్యి వదిలేస్తారు. కానీ దించేటప్పుడు కూడా కండ పనిచేస్తుంది. సాగుతూనే బరువుని ఆపుతూ ఉంటుంది. నిజానికి కండ ఎత్తగలిగే దానికంటే ఎక్కువ బరువునే అదుపుగా దించగలదు.

అలిపిరి నుంచి తిరుమలకి కాలినడకన వెళ్తే సుమారు 3,550 మెట్లు ఎక్కాలి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. కానీ ఆ మెట్ల మీదుగానే దిగి వస్తే, మర్నాడు తొడలు పట్టేసి కుర్చీలోంచి లేవడమే కష్టమవుతుంది. దిగేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా తొడ కండలు సాగుతూ మీ బరువుని ఆపాయి. అలవాటు లేని కండకి ఆ పని ఎక్కువై నొప్పి వచ్చింది. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది.

ఒలింపిక్ లిఫ్టర్లు బరువుని తల పైకి ఎత్తి, నిలబెట్టి, జడ్జీలు సైగ ఇచ్చాక కిందికి వదిలేస్తారు. వాళ్ళకి దించడంలో మార్కులు లేవు. మీకు మాత్రం ఉన్నాయి! అదుపుగా దించితే కండకి పని పూర్తిగా అందుతుంది, కీళ్ళు భద్రంగా ఉంటాయి.

సులువైన పద్ధతి చెప్తాను. తెలుగులో లెక్కపెట్టండి. ఎత్తేటప్పుడు "ఒకటి, రెండు". దించేటప్పుడు "ఒకటి, రెండు, మూడు". గడియారం అక్కర్లేదు, అంకెలు కూడా వస్తాయి.

7. మీ వయసులో ఏం జరుగుతుంది?

ఇది జాగ్రత్తగా చదవండి. 10, 11 ఏళ్ళ పిల్లలు బరువులతో సాధన చేస్తే బలం పెరుగుతుంది. కానీ అద్దంలో పెద్ద కండ కనిపించదు. ఎందుకంటే ఆ వయసులో ముందు నేర్చుకునేది నరాలు. ఎక్కువ పోగుల్ని, సరైన సమయంలో పిలవడం నేర్చుకుంటాయి. యుక్తవయసు వచ్చి, హార్మోన్లు మారాక కండ పరిమాణం బాగా పెరుగుతుంది. ఆ మార్పు ఒక్కొక్కరికి ఒక్కో వయసులో వస్తుంది. పక్కనున్న స్నేహితుడికి కండ కనబడి మీకు కనబడకపోతే, మీరు సరిగ్గా చేయట్లేదని కాదు. మీ వంతు ఇంకా రాలేదు, అంతే. ఆ తొందరలో అతనెత్తే బరువే పట్టుకుని విసిరినట్టు ఎత్తకండి. దెబ్బలు తగిలేది ఎక్కువగా అప్పుడే.

"బరువులెత్తితే పొడుగు పెరగవురా" అని బామ్మో తాతయ్యో అంటే వాళ్ళ మీద విసుక్కోకండి. మీ మీద ప్రేమతో అన్న మాట అది. వాళ్ళకి నెమ్మదిగా ఇలా చెప్పండి: "బామ్మా, అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం సరైన పద్ధతిలో, నేర్పేవాళ్ళ ఎదుట చేస్తే పెరుగుదలకి ఇబ్బంది లేదని చెప్తోందండి. ఎముకలు పెరగడం పూర్తయ్యేదాకా, ఒక్కసారి ఎత్తగలిగినంత పెద్ద బరువులు మాత్రం వద్దని 2008లో అన్నారు. నేను అలాంటివి ఎత్తను." ఈ మాటలు తెలుగులో చెప్పగలిగితే బామ్మ సగం ఒప్పేసుకుంటారు!

8. భాష చూద్దాం: పెరుగు, పెంచు

తెలుగులో కొన్ని క్రియలు జంటగా ఉంటాయి. ఒకటి దానంతటదే జరిగేది. రెండోది మనం చేసేది.

దిగు, దించు: నేను మెట్లు దిగాను. నేను బరువు దించాను.
లేచు, లేపు: నేను పొద్దున్నే లేచాను. అమ్మ నన్ను లేపింది.
పెరుగు, పెంచు: కండ పెరిగింది. నేను బరువు కొద్దిగా పెంచాను.

చివరి జంటని చూడండి. మనం పెంచగలిగేది పనిని. కండ పెరగడం మాత్రం దానంతటదే, మనం తిని పడుకున్నాక జరుగుతుంది. అందుకే పప్పు, గుడ్డు, పెరుగు తినాలి, బాగా నిద్రపోవాలి. అవును, తినే "పెరుగు", ఎదిగే "పెరుగు" రెండూ పలకడానికి ఒకేలా ఉంటాయి. "పెరుగు తిని పెరుగు" అంటే ఇప్పుడు మీకు అర్థమైంది కదా!

అభ్యాసాలు

అ. చేసి చూడండి. ఏ బరువూ లేకుండా 10 బస్కీలు గబగబా తీయండి. రెండు నిమిషాలు ఆగండి. తర్వాత 10 బస్కీలు లెక్కపెడుతూ తీయండి: కిందికి దిగేటప్పుడు మూడు, లేచేటప్పుడు రెండు. ఏది కష్టంగా అనిపించింది? ఎందుకు? మూడు వాక్యాల్లో రాయండి.

ఆ. లెక్క చేయండి. ఎత్తడానికి 2 సెకన్లు, దించడానికి 3 సెకన్లు పడితే, 10 సార్లు చేయడానికి ఎన్ని సెకన్లు పడుతుంది?

ఇ. ఖాళీలు పూరించండి.
1. డంబెల్‌ని మెల్లగా ________. (దిగాలి / దించాలి)
2. రోజూ సాధన చేస్తే బలం ________. (పెరుగుతుంది / పెంచుతుంది)
3. తమ్ముడు నన్ను నిద్ర ________. (లేచాడు / లేపాడు)

ఈ. సరైనదో కాదో చెప్పి, కారణం రాయండి.
1. చెయ్యి కదలకపోతే కండ పనిచేయదు.
2. మల్లీశ్వరి గారు స్నాచ్‌ని మెల్లగా ఎత్తి ఉండొచ్చు.
3. అలసేదాకా చేస్తే 2 సెకన్లకీ 6 సెకన్లకీ కండ పెరుగుదలలో పెద్ద తేడా ఉండదు.

ఉ. ఇంట్లో అడగండి. మీ అమ్మగారు, నాన్నగారు, తాతయ్య, బామ్మ చిన్నప్పుడు రోజూ ఏ బరువులు మోసేవారు? నీళ్ళ బిందెలా, ధాన్యం బస్తాలా, పుస్తకాల సంచా? ఎంత దూరం మోసేవారు? వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే ఐదు వాక్యాలు రాసి, వచ్చే వారం క్లాసులో చదవండి.

ఊ. మాట్లాడండి. "నిదానమే ప్రధానం" అనేవాళ్ళు ఒక జట్టు, "ఆలస్యం అమృతం విషం" అనేవాళ్ళు ఒక జట్టు. ఒక్కో జట్టు ఈ పాఠం నుంచి రెండు కారణాలు చెప్పాలి.